బోర్లించిన చెవులు

కుర్చీలోంచి లేచే ముందు ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, మడతపెట్టిన చేతిగుడ్డ మీద బోర్లిస్తుంది. కడిగిన గిన్నెలు బోర్లించినట్టు, నెమ్మదిగా, చప్పుడు కాకుండా. మంచినీళ్ళకి లేచినా అంతే. ఇంటికి వెళ్ళేటప్పుడూ అంతే. ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్ళి వచ్చేమాటైనా అంతే. హెడ్‌ఫోన్ ఆ బల్ల మీద వెల్లకిలా పడుండగా ఎవరూ చూడలేదు.

"లోపల మిగిలిన మాటలు ఒలికిపోతాయా ఏమిటి?" అని ఎక్స్‌రే గదాయన ఒకసారి నవ్వాడు.

"ఒలికితే ఎత్తలేం కదండీ," అంది ఆవిడ.

అప్పట్నుంచీ ఆసుపత్రిలో ఆవిడ పేరు మూతక్క. ఎగతాళికి పెట్టిన పేరే. తర్వాత్తర్వాత ఎగతాళి అరిగిపోయి పేరు మిగిలింది.

మూతక్క పని టైపు. రోగిని చూశాక డాక్టర్లు చిన్న మైకులో చెప్పి పెడతారు. ఆవిడ విని అక్షరాలు చేస్తుంది. గది మెట్ల కింద. ఒకప్పుడు దూదీ కట్టుగుడ్డలూ దాచిన చోటు. కిటికీ లేదు. పైన ఎక్కేవాళ్ళ అడుగులు నెత్తి మీద నడుస్తుంటాయి. బల్ల కింద ఒక పెడల్. ముందుకు నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, వెనక్కి నొక్కితే చెప్పిందే మళ్ళీ చెబుతుంది.

"ఎంతెంత డాక్టర్లనైనా కాలికింద తొక్కిపెట్టి మాట్లాడించే ఉద్యోగం మా చెల్లిది," అని ఆవిడ తోడికోడలు అందరికీ చెప్పుకునేది. "అలాంటి పెడల్ ఇంట్లో మగాళ్ళకీ ఒకటి బిగించి తీసుకురావే అంటే తీసుకురాదు."

డాక్టర్ల మొహాలకన్నా గొంతులే ఆవిడకి బాగా తెలుసు. చర్మం డాక్టరు ప్రతి మాట చివరా మింగేస్తాడు. పిల్లల డాక్టరమ్మ బిస్కట్ నములుతూ చెబుతుంది. పెద్ద డాక్టరు మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటాడు, అయిపోయాక "అంతేనమ్మా" అంటాడు. ఆయనకి ఇంకో అలవాటుంది. చెప్పాల్సిందంతా చెప్పాక కాసేపు ఆగి, వేరే గొంతుతో ఇంకో నాలుగు మాటలు అంటాడు. ఈ ముసలాయన మంచం మీద ఒక పక్క చోటు వదిలి పడుకుంటున్నాడు, భార్య పోయి చాలా కాలమైంది. ఈ కుర్రవాడు వాళ్ళ నాన్న గదిలో ఉన్నంతసేపూ నొప్పి లేదన్నాడు. ఆ మాటలయ్యాక ప్రతిసారీ ఒకటే: "ఇది రాయొద్దమ్మా."

ఆవిడ రాయదు. రాయాల్సింది రాసి, గొంతు తుడిచేస్తుంది. మందు లేని సంగతులు ఆయన మాత్రం ఎవరికి చెప్పుకుంటాడు? వరండాలో ఎదురైతే ఆయన తలాడిస్తాడు, ఆవిడ పక్కకి తప్పుకుంటుంది. ఇన్నేళ్ళలో ఆ మాటల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

ఇంటికి రెండు సందుల దూరం. తోడికోడళ్ళిద్దరూ పొద్దున్నే కలిసి బయల్దేరతారు. పెద్దావిడ ఆసుపత్రి కాంటీన్లో వంట చేస్తుంది, చిన్నావిడ టైపు చేస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. వీళ్ళు ఇమిడిపోయారు. ఒకటి కూరగాయల కత్తి, ఇంకోటి కాగితాల కత్తి కావడం వల్లనేమో.

పెళ్ళయిన కొత్తలో పెద్దావిడ దారి పొడుగునా అడిగేది. "ఏంటే ఇవాళ్టి విశేషాలు? ఎవరికేం రోగం?"

"నాకేం తెలుసక్కా. వేళ్ళు టైపు చేశాయి."

"నా నోట్లో నువ్వుగింజ నానదు. నీ నోట్లో ఏనుగు పడ్డా నానిపోతుందే తల్లీ."

అడగడం మానేసింది గానీ, ఆ జవాబు ఆవిడకి ఇష్టం. పొరుగువాళ్ళ దగ్గర అలాగే అనుకరించి నవ్వించేది.

*

కొత్త డబ్బాలు వచ్చాయి. నల్లగా, గుండ్రంగా, సాసరంత. డాక్టరు బల్లకొకటి. పచ్చ దీపం వెలిగిందంటే వింటున్నట్టు. డాక్టరు విడిగా కూర్చుని చెప్పక్కర్లేదు, రోగితో మాట్లాడితే చాలు. ఆ మాటలు ఎక్కడికో వెళ్ళి, గుక్కెడు నీళ్ళు తాగేలోపు రిపోర్టై తిరిగొస్తాయి.

కంప్యూటర్ల విభాగం అతను అందర్నీ పెద్ద గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. "ఇకమీదట ఎవరూ వినక్కర్లేదు. ఎవరూ రాయక్కర్లేదు. అంతా క్లౌడ్‌లో అయిపోతుంది."

ఆ తర్వాత ఇంకో ముక్క కూడా చెప్పాడు. మిషన్‌కి నమ్మకం కుదరని మాటల కింద పసుపు గీత పడుతుందనీ, ఆ ఫైళ్ళు గొంతుతో సహా మెట్ల కింద గదికి వస్తాయనీ, అక్కడ ఒక మనిషి విని దిద్దుతుందనీ. సరిగ్గా ఆ సమయానికి టీ వచ్చింది. కప్పుల గలగలలో ఆ ముక్క ఎవరికీ అందలేదు.

మిగతా టైపువాళ్ళని బిల్లుల కౌంటరుకి పంపేశారు. ఆ మనిషిగా మూతక్క మిగిలింది.

మొదటి పూటే ఆవిడకి తేడా తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ చెవుల్లోకి డాక్టర్ల గొంతులే వచ్చాయి. ఇప్పుడు రోగుల గొంతులు వస్తున్నాయి. కుర్చీ జరిగిన చప్పుడు. తాళాల గుత్తి వేళ్ళ మధ్య తిప్పుతున్న చప్పుడు. ఇంటికెళ్దామంటూ పసివాడి ఏడుపు. 'ఎన్నాళ్ళ నుంచి?' అని డాక్టరు అడిగాక జవాబుకి ముందున్న నిశ్శబ్దం. ఏ డాక్టరూ ఆ నిశ్శబ్దాన్ని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. 'మూడు వారాల నుంచి' అని చెప్పేవాళ్ళు, ఆవిడ మూడు వారాలు అని కొట్టేది.

ఇంకోటి కూడా వినబడేది. డబ్బా వంక అనుమానంగా చూసే రోగులకి డాక్టర్లు ధైర్యం చెప్పేవాళ్ళు. "భయం లేదమ్మా, ఎవరూ వినరు. మిషనే రాసుకుంటుంది." అబద్ధం చెప్పాలని కాదు. వాళ్ళు నిజంగా అలాగే అనుకున్నారు. ఆ మాట విని రోగి ఊపిరి వదలడం కూడా ఆవిడకి వినబడేది. ఊపిరి వదిలాక అసలు మాటలు వచ్చేవి.

ఆ రోజుల్లో ఆవిడ హెడ్‌ఫోన్ మాటిమాటికీ బోర్లించేది. దాహం లేకపోయినా నీళ్ళకి లేచేది.

"ఏమిటే అలా ఉన్నావు?" అంది తోడికోడలు దారిలో.

"ఏం లేదక్కా. మెడ పట్టేసింది."

"పడుతుంది. అన్నీ తలలో పెట్టుకుని మొయ్యి."

ఆ పెద్దావిడకీ ఆ మధ్యే ఒళ్ళు తెలియని జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక మనిషి కొంచెం నెమ్మదించింది. వంటింట్లో పాట మానేసింది. ఎవరూ పట్టించుకోలేదు, జ్వరం నీరసం అనుకున్నారు.

*

కాంటీన్ వాళ్ళకి ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలుంటాయి. పెద్ద డాక్టరు చూస్తాడు. సాయంత్రం ఆయన ఒక్క మీట నొక్కితే రిపోర్టులన్నీ కట్టగట్టుకుని కాంటీన్ మేనేజరుకి వెళ్ళిపోతాయి.

ఆ మధ్యాహ్నం మూతక్క తెర మీదికి పసుపు గీత పడ్డ ఫైలు ఒకటి వచ్చింది. పేరుండదు, అంకె ఉంటుంది. ఆవిడ హెడ్‌ఫోన్ సర్దుకుని పెడల్ నొక్కింది.

"కూర్చో అమ్మా," అంటున్నాడు పెద్ద డాక్టరు.

"కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో డాక్టరుగారూ. మీ కుర్చీలు నా కొలతకి చేసినవి కావు."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

టైపువాళ్ళలో ఒక కట్టుబాటుండేది. ఎవరూ పెట్టింది కాదు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నది. సొంతమనిషి ఫైలు వస్తే వినకూడదు, పక్క బల్లకి ఇచ్చెయ్యాలి. ఆవిడ పక్క బల్ల వంక చూసింది. దాని మీద ఎవరో విరిగిన ఫ్యాను పెట్టిపోయారు.

వెనక్కి పంపెయ్యొచ్చు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కానీ కాలు పెడల్ మీంచి లేవలేదు.

"ఈ డబ్బా వింటుందాండీ?" అంటోంది ఆ గొంతు.

"అది మిషనమ్మా. మనుషులెవరూ వినరు."

"అయితే పర్లేదు. గోడకి చెబితే ఏం, దీనికి చెబితే ఏం." కుర్చీలో కూర్చున్న చప్పుడు. "నాకు రుచి తెలియట్లేదండీ. వాసన కూడా. ఆ జ్వరం పోతూ పోతూ రెంటినీ పట్టుకుపోయింది."

డాక్టరు అడిగాడు. "మరి వంట?"

"చెయ్యి చేసుకుపోతుందండీ. కాంటీన్లో అన్నీ కొలతపాత్రలే. పాలు విరిగాయో లేదో, ఏదైనా మాడుతోందో ఏమో, అవి నా పక్కామె చూస్తుంది. దానికొక్కదానికే చెప్పాను, పాపం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనేనండీ తంటా. ఇంట్లో ఎప్పుడు కొలిచి ఏడిశాం?"

"ఇంట్లో ఏం చేస్తున్నావు మరి?"

"మొహం చూసి సర్దుతున్నా."

"ఎవరి మొహం?"

"మా చెల్లిదండీ. అంటే తోడికోడలు. ఇక్కడే మెట్ల కింద కూర్చునేది, మూతక్క అంటారు కదూ, అదే. మా ఆయన ఉన్నాడు, విషం పెట్టినా బ్రహ్మాండం అంటాడు. మా మరిదైతే అన్నం తింటున్నాడో పేపరు తింటున్నాడో ఆయనకే తెలీదు. ఇదొక్కతే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అంతా మొహంలో కనబడిపోతుంది. ఉప్పెక్కువైతే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. తక్కువైతే పెదాలు ఇంత ముందుకొస్తాయి. పులుపెక్కువైతే ముక్కు. నోటికి మూత పెట్టుకోవడం వచ్చు గానీ మొహానికి పెట్టుకోవడం రాదండీ దానికి, పిచ్చిది. అది చూసుకుని, మిగతావాళ్ళ కంచాల్లోకి వెళ్ళేలోపు సర్దేస్తా."

"ఆవిడకి తెలుసా?"

"అమ్మో! తెలిస్తే ఇంకేం మొహమండీ? నా మీద జాలితో బాగున్నట్టు పెడుతుంది. అప్పుడు నేను నిజంగా గుడ్డిదాన్నయిపోతాను." గొంతు తగ్గింది. "దానికి తెలియనివ్వకండి. మేనేజరుకీ తెలియనివ్వకండి. తెలిస్తే పొయ్యి దగ్గర్నుంచి తీసి గిన్నెల దగ్గర పడేస్తాడు. గిన్నెలు తోమడం తప్పని కాదు. పొయ్యి ముందు నుంచుంటేనే నాకు నేను ఉన్నట్టుంటుంది."

"నేను రాయనులే. కొందరికి తిరిగి వస్తుంది. మూణ్ణెల్లు చూద్దాం."

కుర్చీ కిర్రుమంది. "చూశారా, పట్టేసింది," అని నవ్వు. తలుపు పడిన చప్పుడు.

ఆ తర్వాత గదిలో ఎవరూ లేరు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. పాత అలవాటు. ఎదురుగా డబ్బా తప్ప ఇంకెవరూ లేరని తెలిసీ ఆ వేరే గొంతుతో అన్నాడు. "మనిషి మొహాన్ని నాలుక చేసుకుంది. ఇది రాయొద్దమ్మా."

మిషన్ రాసింది. అన్నీ రాసింది. పైన పొందికగా, వరసలు తప్పకుండా: రుచి, వాసన తెలియవు, వంట పనిలో ఉన్నారు, కుటుంబానికీ పై అధికారికీ తెలియకూడదని కోరారు. అన్నిటికన్నా అడుగున, పసుపు గీతతో, దానికి అర్థం కాని ఒకే ఒక్క వాక్యం: ఇది రాయొద్దమ్మా.

మూతక్క పెడల్ ఒకసారి వెనక్కి నొక్కింది. 'పిచ్చిది' అన్న మాట మళ్ళీ విన్నది. ఇంకోసారి నొక్కడానికి పాదం లేచింది. దింపేసింది.

పై వాక్యాల మీద వేలు పెట్టి తుడవబోయింది. అవి కదల్లేదు. గీత పడ్డ మాటలు దిద్దడం వరకే ఆవిడ పని. గీత లేనివి డాక్టరువి. ఆయన సాయంత్రం చదవకుండానే మీట నొక్కుతాడు, అందరూ అలాగే నొక్కుతున్నారు.

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి బోర్లించింది. బోర్లించాక దాని మీద అరచెయ్యి కాసేపు అలాగే ఉంచింది. అప్పుడు లేచి మెట్లెక్కింది.

*

"మూతక్కా! నువ్వు పైకొచ్చావేంటి, దారి తప్పావా?" అన్నాడు డాక్టరు గది ముందు వరస సరిచేసే బంట్రోతు.

"ఒక్క మాట. డాక్టరుగారిని బయటికి రమ్మను."

"లోపలికే వెళ్ళవచ్చు కదా?"

"వద్దు. బయటికే."

తలుపు సందులోంచి పచ్చ దీపం కనబడుతోంది. పెద్ద డాక్టరు వరండాలోకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆవిడ తనని పిలవడం అదే మొదలు. "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"నేను బాగానే ఉన్నానండీ. మీరు రాయొద్దన్నది ఒకటి రాసేసింది."

ఆయనకి మొదట అర్థం కాలేదు. తర్వాత కళ్ళజోడు తీశాడు. "నువ్వింకా వింటున్నావా?"

"పసుపు గీత పడ్డవి నాకే వస్తాయండీ."

"ఎవరూ వినరని చెబుతున్నానే నేను వాళ్ళకి!"

"అదీ వింటున్నానండీ."

ఆయన నవ్వలేకపోయాడు. కళ్ళజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. గదిలోకి వెళ్ళి, డబ్బా తీగ గోడలోంచి పీకాడు. పచ్చ దీపం ఆరాక ఆవిడని లోపలికి పిలిచాడు. ఒంటి వేలితో వెతుక్కుంటూ ఆ ఫైలు తెరిచి, ఒక్కో వాక్యం చదివి తుడిచాడు. జ్వరం తగ్గింది, పనికి తగిన ఆరోగ్యం ఉంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి. అంతే మిగిలింది.

"ఇంతకుముందు ఎన్ని పంపేశానో ఇలా," అన్నాడు, తనలో తను.

కంప్యూటర్ల విభాగం అతన్ని పిలిపించాడు. అతను మంచివాడే, రెండంగల్లో వచ్చి నుంచున్నాడు.

"రిపోర్టులోంచి పోయింది సార్. ఇంక ఎవరికీ కనపడదు."

"గొంతు?"

"గొంతు క్లౌడ్‌లో ఉంటుంది సార్."

"అంటే ఎక్కడ?"

"క్లౌడ్ అంటే..." అతను కిటికీలోంచి పైకి చూసి, తప్పు చేసినట్టు చూపు దించుకున్నాడు. "మనది కాని కంప్యూటర్ సార్. చాలా దూరంలో ఉంటుంది. కంపెనీ వాళ్ళది."

"అక్కడ ఎవరైనా వింటారా?"

"వినకూడదు సార్."

"వినకూడదని నాకూ ఉంది బాబూ," అంది మూతక్క మెల్లగా.

అతను తల గోక్కున్నాడు. "తుడిచెయ్యమని రాస్తానండీ. రాస్తే తుడిచేశామని జవాబొస్తుంది."

"తుడిచారో లేదో తెలిసేదెలా?"

"జవాబు వస్తుంది కదండీ," అన్నాడు అతను. ఆ మాట తనకే ఆనలేదేమో, గబగబా వెళ్ళిపోయాడు. రాశాడు మాత్రం. ఆ సాయంత్రమే రాశాడు.

"ఇకనుంచి అడిగాకే పెడతాను డబ్బా," అన్నాడు డాక్టరు. "ఒక మనిషి కూడా వింటుందని చెప్పే అడుగుతాను. ఆవిడకి కూడా చెప్పాలి కదమ్మా, తన మాటలు ఎవరో విన్నారని."

"చెప్పాలండీ."

"ఎవరో అని చెబితే ఊరుకుంటుందా? మెట్ల కింద ఎవరుంటారో ఆవిడే నాకు చెప్పింది."

మూతక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది. "రేపు చెప్పండి. ఈ పూటకి వదిలెయ్యండి."

ఈ పూట ఎందుకు అడిగిందో ఆవిడకే సరిగా తెలియదు. ఈ ఒక్క పూటా ఏమీ విననట్టు భోంచేస్తే రేపటికి అలవాటవుతుందనుకుందో ఏమో.

*

సాయంత్రం వెలుగుండగానే తినేస్తారు ఆ ఇంట్లో. నలుగురే. చాప మీద పెద్దాయన, చిన్నాయన, పేపరు. ఎదురుగా మూతక్క. వడ్డించేది పెద్దావిడ. ఎప్పుడూ మొదట మూతక్క కంచంలోనే వేస్తుంది. ఎందుకలా అని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఇవాళ మూతక్కకి అడగక్కర్లేకపోయింది.

ముద్ద కలిపింది. ఎదురుగా ఆ కళ్ళు తన మీద ఉన్నాయి. వడ్డించే గరిటె గాల్లో ఆగి ఉంది.

నోట్లో పెట్టుకుంది. ఉప్పు కషాయం.

ఎడమ కనుబొమ్మ, అనుకుంది. ఇప్పుడది లేవాలి. లేవలేదు. లేపబోయింది. ఎడమదేదో తెలియలేదు. తన మొహంలో కనుబొమ్మలున్న సంగతి ఆవిడకి అంతవరకూ తెలియనే తెలియదు. ఆ తికమకలో, గాల్లో ఆగిన ఆ గరిటెని చూసి, ఆ కళ్ళని చూసి, జాలేసింది. దాన్ని దాచబోయి నవ్వింది.

పెద్దావిడ నిశ్చింతగా అందరికీ వడ్డించింది.

"బ్రహ్మాండం!" అన్నాడు పెద్దాయన. అని, చెంబెత్తి గడగడా నీళ్ళు తాగాడు.

పేపరు కిందికి దిగింది. అది దిగడం ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ సంగతి. చిన్నాయన కంచం వంక, వదిన వంక చూశాడు. "వదినా, సముద్రం దగ్గర్లో లేదు కదా, ఎక్కణ్ణించి తోడావు?"

పెద్దావిడ మూతక్కనే చూస్తోంది. చూసి, చూసి, చూపు తిప్పుకుంది. కంచాలన్నీ లాక్కుని, కూరలో ఇన్ని నీళ్ళు పోసి మళ్ళీ వడ్డించింది. ఈసారి మూతక్క మొహం వంక చూడలేదు.

గిన్నెలు తోమేటప్పుడు పెరటి తొట్టి దగ్గర ఇద్దరే ఉన్నారు.

"ఆ డబ్బా విన్నది నీ దగ్గరికి వస్తుందా?" అంది పెద్దావిడ, గిన్నె మీంచి తలెత్తకుండా.

వేళ్ళు టైపు చేశాయి, నాకేం తెలుసు. ఇన్నేళ్ళ జవాబు నాలుక చివర ఉంది. మూతక్క దాన్ని మింగేసింది.

"వస్తుందక్కా."

"అంతా విన్నావా?"

"విన్నాను."

"పిచ్చిది అన్నది కూడానా?"

"అది రెండుసార్లు విన్నాను."

పెద్దావిడ నవ్వింది. నవ్వు మధ్యలో తెగిపోయింది. తడిచేత్తో మొహం తుడుచుకుంది.

"మేనేజరుకి?"

"వెళ్ళలేదు. డాక్టరుగారు తీసేశారు. నేను పైకెళ్ళి చెప్పాను. గొంతు మాత్రం ఉంది. ఎక్కడో."

"ఎక్కడ?"

"తెలియదక్కా. వాళ్ళకీ తెలియదు. తుడవమని రాశారు."

"బాగుంది. నేను ఈ ఊరి పొలిమేర దాటలేదు. నా గొంతు నాకు చెప్పకుండా ఊళ్ళు తిరుగుతోంది." గిన్నె కడిగి బోర్లించింది. ఇంకోటి అందుకుంది. "వాళ్ళెవరో విన్నా నాకు బాధ లేదే. వాళ్ళకి నేనెవరో తెలియదు. నేను వాళ్ళ మొహాలు చూసి వండక్కర్లేదు."

మూతక్క ఇంకో గిన్నె తోమి అందించింది.

"నువ్వు లేచి బయటికొచ్చెయ్యాల్సింది," అంది పెద్దావిడ.

"అవునక్కా. రావాల్సింది. నీ గొంతు వినబడితే కాలు లేవలేదు."

పెద్దావిడ తొట్టిలోంచి నీళ్ళు ముంచి గిన్నె మీద పోసింది. 

"నీ మీద కోపం లేదు," అంది చివరికి. "కానీ నీ మొహం ఇంక నాకు పనికిరాదే. ఇవాళ చూశాగా. దయతో నిండిపోయింది. ఉప్పుకి చోటు లేదు అందులో."

ఆఖరి గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూతక్క తొట్టి దగ్గరే కూర్చుంది. బోర్లించిన గిన్నెల అంచుల్లోంచి నీళ్ళు కారి, రాయి మీద చిన్న చిన్న గీతలయ్యాయి. ఆవిడ వాటినే చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు పొద్దున మూతక్క ఎప్పటికన్నా ముందు లేచింది. వంటింట్లో అప్పటికే పొయ్యి వెలుగుతోంది. పెద్దావిడ గిన్నె ముందు నుంచుని, ఉప్పు డబ్బా మూత తీసి, ఎంత వెయ్యాలో తేల్చుకోలేక చూస్తోంది.

మూతక్క పక్కకెళ్ళి నుంచుని అరచెయ్యి చాపింది.

"వద్దే. నాకోసం వేషం కడతావు."

"కట్టను. కట్టడం నాకు రాదని నిన్న చూశావుగా."

"మరి?"

"కళ్ళు మూసుకుంటాను. నువ్వు నన్ను చూస్తున్నట్టు నాకు కనబడదు."

పెద్దావిడ అనుమానంగా చూసింది. గరిటెతో ఒక్క చుక్క ఊది, ఆ అరచేతిలో వేసింది. మూతక్క కళ్ళు మూసుకుంది. నాలుకకి తగిలించుకుంది. ఆ తర్వాత ఇంకేమీ చెయ్యలేదు. మొహాన్ని దాని మానాన వదిలేసి నుంచుంది.

అందులో ఏం కనబడుతోందో ఆవిడకి తెలియదు. పొయ్యి సన్నగా బుసకొట్టడం వింది. పక్కనే తోడికోడలి ఊపిరి వింది. కాసేపటికి ఉప్పు డబ్బాలో చెంచా కదిలింది. గిన్నెలో గరిటె తిరిగింది.

మూతక్క కళ్ళు తెరవకుండానే మళ్ళీ అరచెయ్యి చాపింది.